మాంద్యంలో బిల్డరు ధర్మం

1784లో అవధ్‌ను కరువు పీడిస్తున్నప్పుడు నవాబు అసఫ్ ఉద్దౌలా లక్నోలో బడా ఇమాంబాడా కట్టడం మొదలుపెట్టి వేలమందికి పని కల్పించాడు. కరువు వేళ రాజు తిండిగింజలిచ్చి కోటల పనులు, సేతువుల పనులు చేయించాలని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో విధించాడు. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దానాలను ఎనిమిది మెట్లుగా పేర్చి, ఎదుటివాడు మళ్లీ చెయ్యి చాచే అవసరం లేకుండా పని చూపించడాన్ని అన్నిటికన్నా పై మెట్టున ఉంచాడు. ఆపదలో పని కల్పించడం అన్నదానానికి తీసిపోని పుణ్యమన్నమాట. ఈ ధర్మం రాజులకేనా, లాభం కోసం ఇళ్లు కట్టే బిల్డరుకూ వర్తిస్తుందా? వర్తిస్తుందనే నేనంటాను.

ఫ్లాట్లు అమ్ముడుపోక అప్పులకు వడ్డీ కట్టలేనివాడు కూలి ఎక్కణ్నుంచి తెస్తాడని అడగొచ్చు. సబబైన ప్రశ్నే, కంపెనీ మునిగితే ఉన్న పనీ పోతుంది. కానీ మాంద్యం దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో హైదరాబాద్ వచ్చి సైటు పక్కన రేకుల షెడ్డులో కాపురముండే కూలీకి పని ఆగిందంటే బట్వాడాతో పాటు తలదాచుకునే చోటూ పోతుంది. 2020 లాక్‌డౌన్‌లో పిల్లాపాపలతో హైవేల వెంట నడిచిన వలస కూలీలను దేశమంతా చూసింది. గిరాకీ రోజుల్లో వాళ్ల కష్టం మీద లాభం గడించి, గిరాకీ పడిపోగానే ముందు వాళ్లనే వదిలించుకోవడం అధర్మం. వాళ్లను వదిలించుకోకుండా నెట్టుకొచ్చే మార్గం లేకపోలేదు. కొత్త వెంచర్ల జోలికి పోకుండా, చేతిలో ఉన్న డబ్బు మొదలుపెట్టినవాటిని పూర్తిచేయడానికే పెట్టాలి. స్లాబులు పడి ఆగిన అపార్టుమెంటులో గోడలు, ప్లాస్టరింగు, టైల్స్, ప్లంబింగు, రంగులు మిగిలే ఉంటాయి. ఎక్కువమంది చేతులకు పని దొరికేది అక్కడే. కొన్నవాళ్ల నుంచి వసూలుచేసిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు స్థలానికీ నిర్మాణానికీ మాత్రమే వాడాలని 2016 నాటి రెరా చట్టం చెబుతోంది. దాన్ని నిజాయితీగా పాటిస్తే అమ్మకాలు మందగించినా సైటు ఒక్కసారిగా మూతపడదు.

పని కల్పించడానికే కడితే అక్కర్లేని ఇళ్లు మిగులుతాయన్నది మరో ఆక్షేపణ. ఇమాంబాడాలో పగలు కట్టింది రాత్రి కూల్చేవారన్న కథ ప్రచారంలో ఉంది. అలాంటి పని ఆకలి తీర్చినా, చేసేవాడి పనితనాన్ని చులకన చేస్తుంది. అందుకే ఎవరో డబ్బు కట్టి ఎదురుచూస్తున్న ఇంటిని పూర్తిచేయమంటున్నాను: కొన్నవాడికిచ్చిన మాట నిలుస్తుంది, కూలీ పొట్టా గడుస్తుంది. ఖర్చు తగ్గించక తప్పకపోతే ముందు లాభంలో కోత పడాలి. తర్వాత ఉన్న పనిని వంతులవారీగా పంచాలి. చేసిన పనికి కూలి ఆలస్యం చేయొద్దని బైబిలూ, ఇస్లామూ కూడా కట్టడి చేశాయి గనక బట్వాడా వారం దాటకూడదు. అమ్మకాలు జోరుగా ఉన్నప్పుడు ఈ ధర్మం పాటించడం ఎవరికైనా సులువే; కూలీకి దాని అవసరం పడేది అమ్మకాలు ఆగినప్పుడే.