వాజశ్రవసుడి ఆవులు, పెట్టుబడి చీరలు

గుళ్లో కఠోపనిషత్తు చెప్పేవాళ్లు చాలామంది మొదటి ఘట్టాన్ని త్వరగా దాటేస్తారు. నచికేతుడు యముడి వాకిట మూడు రాత్రులు పస్తుండటం, మూడు వరాలు, ఆత్మ విచారం... అసలు సంగతి అదేనని నాకూ తెలుసు. కానీ నా మనసు మాత్రం ఆవుల దగ్గరే ఆగిపోతుంది. ఉన్నదంతా దానమిచ్చే యాగం చేస్తూ వాజశ్రవసుడు గోవులను తోలించాడు. అవి తాగాల్సిన నీళ్లు తాగేశాయి, తినాల్సిన గడ్డి తినేశాయి. పాలూ లేవు, ఇక ఈనే శక్తీ లేదు. లెక్కకు అవీ ఆవులే, పుచ్చుకున్నవాళ్లకు మాత్రం మేపు ఖర్చు. పెద్దలెవరూ పట్టించుకోని ఆ సంగతి పిల్లవాడి కంటబడింది. ఇలాంటి దానం చేసినవాళ్లు ఆనందం లేని లోకాలకు పోతారని తండ్రి కోసం బెంగపడ్డాడు.

నేను మార్కాపురంలో జాకెట్లు కుడతాను. పెళ్లిళ్లు ముగిశాక నా మిషను దగ్గరికి వచ్చే పెట్టుబడి జాకెట్ ముక్కలను చూస్తే ఆ ఆవులే గుర్తొస్తాయి. "పెట్టిన ముక్క అక్కా, ఎట్లన్నా వస్తదేమో చూడు" అంటారు. టేపు పెట్టి చూస్తాను. ఒంటికి సరిపోతే చేతులకు చాలదు. గోరుతో మెల్లగా గీస్తే పోగులు పక్కకు జరిగిపోతాయి. అలాంటి బట్టకు కుట్టు నిలవదు, చెయ్యెత్తగానే చంక దగ్గర పిగిలిపోతుంది. లైనింగు వేసి కుట్టాలంటే ముక్క ధరకు ఎన్నో రెట్లు కుట్టుకూలి అవుతుంది. "ఇంకెవరికన్నా పెట్టెయ్ తల్లీ" అని మడిచి ఇచ్చేస్తాను. అది వరలక్ష్మీ వ్రతానికి ఒకరింటికి, గృహప్రవేశానికి ఇంకొకరింటికి పోతుంది. మడత మీద రంగు వెలిసిపోయి, వేరే మనిషి చేతిలో మళ్లీ నా దగ్గరికే వచ్చిన ముక్కలున్నాయి.

బట్టల కొట్లలో శుభకార్యాలకు చుట్టాలకు పెట్టే ఈ పెట్టుబడి చీరలకు వేరే అర ఉంటుంది. ఎక్కువగా సూరత్ నుంచి వచ్చే సింథటిక్ సరుకే. "రంగులు కలిపి ఓ పాతిక కట్టు" అంటారు తప్ప, ఒక్క చీరా విప్పి చూడరు. కొనేవాళ్లు కట్టుకోరు, కట్టుకోవాల్సినవాళ్లు కొనరు. ఇక చీర బాగోలేదన్న మాట కొట్టువాడికి ఎవరు చెప్పాలి? అతను మిల్లువాడికి ఏమని చెప్పాలి?

గిరాకీని బట్టి మారడం మా ఊరికి తెలియని విద్య కాదు. ఎన్ని లక్షలమంది పిల్లలు మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దారో! నోటుపుస్తకాలొచ్చి పలకల బేరం పడిపోయాక, అదే రాయిని గోడలకూ నేలకూ వేసే డిజైన్ రాళ్లుగా కోసి విదేశాలకు పంపడం నేర్చుకున్నారు. కొనేవాడికి ఏం కావాలో గని దాకా తెలిసింది గనక అది సాధ్యమైంది. పెట్టుబడి చీర సంగతి కట్టుకునే మనిషి నోట్లోనే ఉండిపోతుంది. మర్యాద పేరుతో ఆ నోరు మూయించింది మనమే.

ఈ చీరల పాలియెస్టర్ పుట్టేది ముడి చమురులోంచి, మట్టిలో వేస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. పోనీ నూలు చీరలు పెడితే దోషం పోతుందా అంటే, అదీ అంత తేలిక కాదు. ఒక్క నూలు చొక్కా వెనక, పత్తి చేను నుంచి లెక్కేస్తే, సుమారు 2,700 లీటర్ల నీళ్లుంటాయని అంచనా. గిద్దలూరు, మార్కాపురం చేలల్లో పత్తి వేస్తారు. ఈ ప్రాంతంలో బోర్లు ఎంత లోతుకు పోతాయో, ఫ్లోరైడు నీళ్లు ఎన్ని ఊళ్లను పీడించాయో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వెలిగొండ నీటి ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేస్తే ఒక తరం ఎదురుచూపుల్లోనే పెద్దదైంది. ఏ గుడ్డయినా ఎవరి నీళ్లో, ఎవరి కష్టమో తీసుకునే పుడుతుంది. ఒంటికెక్కితేనే ఆ రుణం కొంతైనా తీరేది. బీరువాలో మగ్గే గుడ్డకు ఆ మోక్షం లేదు.

ఈ మాటంటే మా పెద్దమ్మ ఒప్పుకోదు. "చీరకు మొహం వాచి ఎవరొస్తారే? బొట్టు పెట్టి చేతిలో ఓ గుడ్డ పెడితే నువ్వు మా మనిషివని చెప్పినట్టు. కట్టుకుంటే ఏంది, కట్టుకోకపోతే ఏంది?" అంటుంది. ఆమె మాట నేను తీసిపారేయలేను. అమ్మ పోయాక మా అన్న పెట్టిన జాకెట్ ముక్క ఇప్పటికీ కుట్టుకోకుండా దాచుకున్నదాన్ని నేనే. కానీ ఆ ముక్కను మా అన్న నాకిష్టమైన రంగు చూసి ఏరి తెచ్చాడు. మా మనిషివని చెప్పదలిస్తే ఆ మనిషి ఏం కట్టుకుంటుందో తెలిసి ఉండొద్దా? పైగా ఈ చీరల కట్టల కోసం అప్పు చేసే ఆడపిల్ల తల్లిదండ్రులను చూస్తూనే ఉన్నాను. ఇచ్చేవాళ్లకు భారం, పుచ్చుకునేవాళ్లకు అక్కరలేనిది. దాన్ని దానం అనడానికి నాకు నోరు రాదు.

ఏం కావాలని అడగడం చిన్నతనమని కొందరంటారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే భూమిలేని హరిజనులను అదే అడిగారు, మీకేం కావాలని. ఎనభై ఎకరాలుంటే బతుకుతామన్నారు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది. అడగడం వల్ల పుచ్చుకున్నవాళ్ల గౌరవం తగ్గలేదు, ఇచ్చినాయన చెయ్యీ చిన్నది కాలేదు. మగ్గాలకు పేరుపడ్డ ఊళ్లోనే ఇది జరగడం నాకు మరీ ఇష్టం.

ఈ మాఘంలో మా అమ్మాయి పెళ్లి. వియ్యపురాలితో మాట్లాడి, కట్టలు కొనేది లేదని ఇద్దరం ఒప్పుకున్నాం. దగ్గరివాళ్లకే పెట్టాలి, పెట్టేది వాళ్లను అడిగి పెట్టాలి. కొట్టువాడితో చెబితే "అడిగినోళ్లు లేకే నేత చీరలు తేవడం లేదమ్మా, ముందే చెబితే చీరాల నుంచి తెప్పిస్తా" అన్నాడు. చీర చీరకూ ధర ఎక్కువే, మొత్తం మీద ఖర్చు మాత్రం పెరగలేదు. నా వంతు వాళ్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. మొదట గిద్దలూరులో మా పెద్ద వదినకు చేశాను. "నిజంగా అడుగుతున్నావా?" అని రెండుసార్లు రెట్టించి, "అయితే నాకు చీరొద్దు, మెత్తటి నూలుగుడ్డతో జేబున్న నైటీలు రెండు కుట్టి పెట్టు" అంది.