వ్రతానికి మందు అడ్డు కాదు

టైప్ 1 మధుమేహం తరచుగా పిల్లల్లో, కౌమారంలో బయటపడుతుంది. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే క్లోమంలోని బీటా కణాలను నాశనం చేయడంతో ఇన్సులిన్ తయారీ ఆగిపోతుంది. ఇక జీవితాంతం దాన్ని సూదితోనో పంపుతోనో ఎక్కించుకోవాలి, వేలు గుచ్చి షుగరు చూసుకోవాలి, తినేదాన్ని బట్టి మోతాదు లెక్కగట్టుకోవాలి. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి ఈ క్రమం సడలడం మొదలవుతుంది. ఎదుగుదల హార్మోన్ల ప్రభావంతో ఇన్సులిన్ మునుపటిలా పనిచేయదు. అప్పటిదాకా తల్లి చేతిలో ఉన్న సూది పిల్లల చేతికి వచ్చేదీ ఆ వయసులోనే. 1983 నుంచి 1993 దాకా అమెరికా, కెనడాల్లో జరిగిన డీసీసీటీ అధ్యయనంలో ఒకే రకం చికిత్స పొందినా, పెద్దల కంటే 13–17 ఏళ్లవారి హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగరు, ఎక్కువగానే ఉంది.

మతం పెట్టే నియమాలు మీద పడేదీ అప్పుడే. ఇస్లాంలో యుక్తవయసు వచ్చాక రోజా విధి అవుతుంది. తెలుగు ఇళ్లలో ఆడపిల్లలు అట్లతద్దికి ఉపవాసం ఉంటారు, మగపిల్లలు అయ్యప్ప మాల వేసుకుంటారు. మందు ఒక వేళకు తినమంటుంది, వ్రతం ఆ వేళకు తినవద్దంటుంది. అప్పుడు ఏది ధర్మం?

దీనికంటే ముందే పిల్లల మనసులో మరో ప్రశ్న పుడుతుంది: ఈ జబ్బు నాకే ఎందుకు వచ్చింది? ‘ఏ జన్మలో ఏ పాపం చేశామో’ అని పెద్దలు దుఃఖం ఆపుకోలేక అంటారు. పక్కగదిలో ఉన్న పిల్ల ఆ మాట వింటుంది. జబ్బు శిక్ష అని నమ్మిన మనసుకు మందు మీద శ్రద్ధ కలగడం కష్టం. అందుకే ఈ మాటకు జవాబు తప్పకుండా చెప్పాలి. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో, ఆయుర్దాయం ముందే నిర్ణయమై ఉంటుందా అని శిష్యుడు అగ్నివేశుడు అడుగుతాడు. దైవమూ పురుషకారమూ, అంటే మనిషి ప్రయత్నమూ, రెండూ కలిస్తేనే ఆయువు అని గురువు ఆత్రేయుడి సమాధానం. అంతా ముందే రాసిపెట్టి ఉంటే ఔషధాలతో పనేముందని ఆయన వాదం. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం ఇతనిదా, కన్నవారిదా అని శిష్యులు అడిగితే యేసు రెండింటినీ కాదంటాడు. కర్మను నమ్మేవారు కూడా ఇవాళ వేళకు వేసుకునే ఇన్సులిన్ మంచి కర్మేనని ఒప్పుకోక తప్పదు.

ఇక ఉపవాసం సంగతి. ఇన్సులిన్ కనుగొనక ముందు ఈ జబ్బుకు ఉపవాసమే చికిత్స. అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ అలెన్ పిల్లలకు అతి కొద్ది ఆహారం ఇచ్చి, ఎముకల గూళ్లలా మిగిలినా మరికొన్నాళ్లు బతికించేవాడు. 1922 జనవరి 11న టొరంటోలో పద్నాలుగేళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు తొలి ఇన్సులిన్ సూది వేశారు. అది సరిగా పనిచేయలేదు. శుద్ధి చేసిన మందును జనవరి 23న మళ్లీ ఇస్తే పనిచేసింది, అతడు మరో పదమూడేళ్లు బతికాడు. ఆకలితో మాడే అవసరం లేకుండా చేసిన ఆ మందు మొదట అందింది ఈ వయసు పిల్లవాడికే.

అట్లతద్ది నాడు ఏం జరగవచ్చో చూస్తే ప్రమాదం అర్థమవుతుంది. తెల్లవారుజామునే లేచి చద్దన్నం, గోంగూర పచ్చడి, పెరుగు తిని పిల్లలంతా ఉయ్యాలలూగుతారు. మళ్లీ తినేది రాత్రి చంద్రుణ్ణి చూశాకే. ఎప్పటి మోతాదే వేసుకున్న అమ్మాయికి పొద్దెక్కేసరికి చేతులు వణుకుతాయి, చల్లటి చెమట పడుతుంది, ఊరికే చిరాకు వస్తుంది. ఉపవాస నీరసమని చుట్టూ ఉన్నవాళ్లు అనుకుంటారు. చున్నీ కొంగున గ్లూకోజు ఉన్నా, నోట వేసుకుంటే నోము చెడుతుందని ఆమె భయపడుతుంది. ఇంకాసేపటికి మాట తడబడి స్పృహ తప్పవచ్చు. దీనికి వ్యతిరేకమైన పొరపాటు ఇంకా ప్రమాదం. తినడం లేదు కదా అని ఇన్సులిన్ మొత్తం మానేస్తే శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, రక్తంలో కీటోన్ల ఆమ్లం పేరుకుంటుంది, వాంతులు, ఆయాసం మొదలవుతాయి. అది ప్రాణాలు తీసే స్థితి. తిండి లేని రోజున కూడా కొంత ఇన్సులిన్ ఉండి తీరాలి. ఎంతన్నది వైద్యుడితో ముందే మాట్లాడుకోవలసిన విషయం.

ఆ అమ్మాయి భయానికి మన గ్రంథాల్లో ఆధారం లేదు. మహాభారతం ఉద్యోగపర్వంలో వ్రతాన్ని భంగం చేయనివి ఎనిమిదని చెప్పారు: నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. షుగరు పడిపోయినప్పుడు మూడు చెంచాల చక్కెర నోట వేసుకుంటే అది ఔషధమే. పావుగంట ఆగి మళ్లీ పరీక్ష చేసుకుంటే అదీ చికిత్సలో భాగమే. ఉపవాసం ఉండలేనివారి తరఫున దగ్గరివారు ఉండవచ్చని ధర్మశాస్త్ర నిబంధాలు ప్రతినిధికి చోటిచ్చాయి. కూతురి నోము తల్లి పట్టవచ్చు. ఖురాన్ రెండో సూరా 184, 185 ఆయతులు రోగికి సడలింపు ఇస్తాయి: ఆ రోజాలు తర్వాత ఉండవచ్చు, ఎన్నటికీ ఉండలేనివారు పేదకు అన్నం పెట్టవచ్చు. రోజాలో వేలు గుచ్చి షుగరు చూసుకుంటే రోజా చెడదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. షుగరు 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

అయ్యప్ప దీక్ష కొంత వేరు. నలభై ఒక్క రోజుల క్రమశిక్షణ, వేళకు స్నానం, వేళకు పూజ: ఈ జబ్బుకు కావలసిన గుణం అందులో ఉంది. ఇబ్బంది భిక్ష దగ్గర వస్తుంది. భజన సాగి, హారతి ఆలస్యమై, పన్నెండింటి భిక్ష రెండు దాటుతుంది. ముందే సూది వేసుకున్న పిల్లవాడు ఆ రెండు గంటల్లో పడిపోవచ్చు. విస్తట్లో వడ్డన మొదలయ్యాకే ఇన్సులిన్ వేసుకోవడం ఇక్కడ సరైన పద్ధతి. పంబ నుంచి కొండ ఎక్కేటప్పుడు నడకతోనే షుగరు తగ్గుతుంది కాబట్టి ఇరుముడితో పాటు గ్లూకోజు కూడా ఉండాలి. మాలలో ఉన్న కుర్రవాణ్ణి కూడా ‘స్వామీ’ అని, ‘మీరు’ అని పిలుస్తారు. గురుస్వామి అందరి ఎదుటా ‘స్వామీ, మీ వేళకు మీరు తినండి, అది దోషం కాదు’ అంటే ఆ పిల్లవాడు మందును దాచుకోడు. గురువు మాట కూడా ఆ ఎనిమిదింటిలో ఒకటి.

స్వస్థత ప్రార్థనల విషయంలో మాత్రం తప్పు సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. 1973లో కాలిఫోర్నియాలోని బార్‌స్టోలో పదకొండేళ్ల బాలుడికి ప్రార్థనతో నయమైందని నమ్మి తల్లిదండ్రులు ఇన్సులిన్ ఆపేశారు. బాలుడు చనిపోయాడు, కోర్టు వారిని దోషులుగా తేల్చింది. బైబిల్లో హిజ్కియా రాజు ప్రార్థన దేవుడు విన్నాడని చెప్పిన యెషయా ప్రవక్తే, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమన్నాడు. ప్రార్థన ఫలించినా మందు వేయడం మానలేదు.

పిల్లలు మందు దాచడానికి మరో కారణం మతంతో సంబంధం లేనిది. అమ్మాయికి షుగరని తెలిస్తే సంబంధాలు రావని ఇంట్లోవాళ్లే దాచమంటారు. బడిలో సూది వేసుకోకూడదు, చుట్టాలింట్లో మీటరు తీయకూడదు. దాచమని నేర్పి, మూడు నెలల పరీక్షలో అంకె పెరిగినప్పుడు తిట్టడం అన్యాయం. శాస్త్రాలు రోగి వ్రతాన్ని ఇంట్లో మరొకరు మోయవచ్చన్నాయి. చికిత్సకూ అదే న్యాయం వర్తించాలి. సూది పిల్లల చేతికి ఇచ్చాక కూడా ఆ పక్కన తల్లో తండ్రో కొన్నేళ్లు కూర్చోవాలి. ఆ శ్రమ వృథా కాదు: డీసీసీటీలో షుగరును గట్టిగా అదుపులో ఉంచినవారికి రెటీనా జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది.

కార్తీకమాసం, రంజాన్, లెంట్ రోజులు మొదలయ్యే ముందే గురుస్వాములు, ఇమాములు, పాస్టర్లు, పురోహితులు తమ దగ్గరికి వచ్చే కుటుంబాలకు మందు వ్రతానికి అడ్డు కాదన్న సంగతి అందరూ వినేలా చెప్పాలి.