గోముఖ యాత్ర - తీర్థ నియమము

తీర్థయాత్రా ఫలము నెవడు పొందునని భీష్ముడు పులస్త్య మహర్షి నడిగెను. గంగాద్వారమున, భాగీరథీ తీరమున జరిగిన ఆ సంవాదమును నారదుడు ధర్మరాజునకు వినిపించినట్లు మహాభారతము వనపర్వమున గలదు. అడిగినవాడు గంగాపుత్రుడే యైనను, మహర్షి గంగా మహిమతో ఆరంభింపక యాత్రికుని లక్షణముతో ఆరంభించెను. ఎవని చేతులు, పాదములు, మనస్సు చక్కగా నిగ్రహింపబడినవో, ఎవడు ఇతరులనుండి గ్రహించుట మాని, ఉన్నదానితో తృప్తినొంది, మితాహారియై యుండునో, వానికే తీర్థఫలము లభించునని ఆయన మాటల సారము. మనోనిగ్రహమును అన్ని శాస్త్రములును బోధించును. ఇచట మనస్సునకు ముందుగా చేతులను, పాదములను చెప్పుట గమనింపదగిన విశేషము. తీర్థమునందు మన చేయి దేనిని తాకును, పాదము ఎచట పడును అను విషయము ఋషికి అల్పముగా తోపలేదు.

ఈ వాక్యమును స్మరించుటకు నేడు గోముఖమును మించిన స్థలము లేదు. హిమాలయములందు సుమారు 30 కిలోమీటర్ల పొడవున పరచుకొన్న గంగోత్రీ హిమానదము ముగిసి, మంచుగుహనుండి భాగీరథి వెలువడు తావు అది. గంగోత్రి ఆలయమునుండి కాలిబాటన సుమారు 18 కిలోమీటర్లు పోవలెను. దారిలో చీడ్‌బాసా, దాని తరువాత భోజ్‌బాసా వచ్చును. 1989లో ఏర్పడిన గంగోత్రీ జాతీయోద్యానములో ఈ ప్రాంతమంతయు చేరియున్నది. 2008 నుండి దినమునకు 150 మందిని మాత్రమే గోముఖమునకు పోనిచ్చు నియమము గలదు. ముందుగా అనుమతి పత్రము పొందవలెను. గోముఖము చెంత రాత్రి గుడారము వేయరాదు; నిలువదలచినవారు భోజ్‌బాసాలోనే నిలువవలెను.

ఈ నియమము విన్న భక్తునకు మొదట కలుగునది కష్టమే. జన్మమున కొక్కసారి వచ్చినవాడు, ఇంటిల్లిపాదియు కూడబెట్టిన ధనముతో రెండువేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చినవాడు, ఆనాటి సంఖ్య పూర్తియైనదని విని తనిఖీ ద్వారము నుండి వెనుదిరుగవలసి వచ్చును. తల్లిని చూచుటకు సర్కారువారి చీటీ యెందులకని అతడు ప్రశ్నించిన యెడల ఆ ప్రశ్నను పరిహసించి త్రోసివేయుట తగదు. భగీరథుడు గంగను దింపినది సగరపుత్రులకొరకే గాని, చీటీ గలవారికొరకు గాదని అతడు వాదింపవచ్చును. దీనికి సమాధానము చట్టములో వెదకుటకంటె భోజ్‌బాసాలో వెదకుట మేలు.

భోజ్‌బాసా యను పేరునకు భూర్జవృక్షముల నివాసమని అర్థము. భూర్జపత్రము మనవారికి క్రొత్తది గాదు. తాళపత్రము దక్షిణమున చేసిన సేవను ఉత్తరమున భూర్జపు బెరడు చేసినది. హిమాలయ వర్ణనలో విద్యాధర స్త్రీల లేఖలకు ఆ బెరడే ఆధారమని కాళిదాసు కుమారసంభవమున చెప్పెను. వృక్షములు మొలవగల కట్టకడపటి ఎత్తున, ఏటికి కొలది నెలలు మాత్రమే ఎదుగుచు, మంచుచరియల బరువును ఓర్చుకొని నిలుచు చెట్టు అది. దాని వేళ్లే ఆ వదులు మట్టిని పట్టియుంచును. అట్టి వనము పేరునకు మాత్రమే మిగిలినది. దానిని నరికినవారు శత్రువులు గారు. యాత్రికులకు వేడినీరు, వంట, చలిమంట కావలసివచ్చినది. గుడారముల ముందర రాత్రి వేసికొన్న నెగళ్లకు, దారిలోని టీ దుకాణముల పొయ్యిలకు కొమ్మకొమ్మగా ఆ వనము పోయినది. ఒకానొకప్పుడు గోముఖము సమీపముననే టీ దుకాణములుండెడివి. తరువాత వానిని తొలగించిరి. తల్లి దర్శనమునకు వచ్చిన బిడ్డలు ఆమె పందిరిరాటలను పీకి చలికాచుకొన్నట్లయినది.

ఆ వనమును మరల నిలుపుటకు పూనుకొన్నవారిలో ముఖ్యురాలు హర్షవంతీ బిష్ట్. 1981లో నందాదేవి శిఖరము నెక్కిన భారతీయ స్త్రీలలో ఒకరైన ఆమె అర్జున పురస్కారము పొందిన పర్వతారోహకురాలు, అధ్యాపకురాలు. శిఖరములను చూచిన కంటితోనే ఆమె భోజ్‌బాసా దుఃస్థితిని చూచినది. 1990 ప్రాంతమున గంగోత్రీ సంరక్షణ యత్నమునారంభించి, నారుమళ్లు పెంచి, కంచెలు కట్టి, భూర్జపు మొక్కలను నాటించినది. పశువులు మేయకుండ, మంచు విరువకుండ వానిని కాపాడుట ఏండ్లతరబడి చేయవలసిన సేవ. ఒక రాత్రి చలిమంటకు చాలునంత కట్టెను ఆ నేల మరల ఇచ్చుటకు ఎన్ని సంవత్సరములు పట్టునో, మొక్క నాటిన చేతికే తెలియును.

చేతుల విషయమున మరియొకటి కలదు. మలమూత్రములను, ఉమ్మిని, ఇతర అశుద్ధములను నీటియందు విడువరాదని మనుస్మృతి స్పష్టముగా నిషేధించినది. మైదానమున మట్టి కొలదికాలములో జీర్ణించుకొను అశుద్ధమును నాలుగువేల మీటర్ల ఎత్తునగల చలినేల యేండ్లతరబడి అట్లే నిలువయుంచును. మంచు కరగినప్పుడు అది దిగువకు, భాగీరథిలోనికే చేరును. అచట పుణ్యజలము నింపుకొన్న సీసా ప్రక్కనే మరియొక ఖాళీసీసాను పారవేయు యాత్రికుడు చేయుచున్నదేమో వేరుగ చెప్పనక్కరలేదు. ఇంటనున్న పూజాగృహములో ఎవరును పులివిస్తరిని విడిచిరారు.

ఇచట ఒక విషయమును సరిగా చెప్పుకొనవలెను. హిమానదము వెనుకకు జరుగుట కేవలము యాత్రికుల మూలముననే యనుట న్యాయము గాదు. 1935 నుండి భూగర్భ శాస్త్రజ్ఞులు దాని ముఖమును కొలుచుచున్నారు. సగటున ఏటికి సుమారు 20 మీటర్ల చొప్పున అది వెనుదీయుచు వచ్చినది. భూమియంతయు వేడెక్కుట దీనికి ప్రధాన కారణము. ఆ వేడిమికి గోముఖమునెన్నడును చూడని నగరములును బాధ్యములే. నూటయేబదిమంది నియమముచేత మంచు కరగుట ఆగదు. అయినను, జ్వరముతోనున్న తల్లి గదిలో ఆ జ్వరము మనవలన రాలేదని చెప్పి సందడి చేయుదుమా?

ఈ మార్పును తెలుగుగడ్డపై పుట్టినవాడొకడు తన కన్నులార చూచెను. ఆంధ్రదేశమున జన్మించి, 1948లో గంగోత్రికి చేరి, స్వామి తపోవనముగారి శిష్యుడైన స్వామి సుందరానంద 2020లో దేహము చాలించువరకు హిమాలయములనే ఆశ్రయించియుండెను. ఆయన చేత జపమాలతోపాటు ఛాయాచిత్ర యంత్రము నుండెడిది. దశాబ్దముల పొడుగున తీసిన లక్షకు పైబడిన చిత్రములలో, ఒకనాటి గోముఖమునకును నేటి గోముఖమునకును గల దూరము ప్రత్యక్షముగా కానవచ్చును. 2001లో ఆయన చిత్రగ్రంథము వెలువడినది. నిర్జనమైన గంగోత్రిని, వసతిగృహములతో క్రిక్కిరిసిన గంగోత్రిని ఒకే జీవితమున చూచిన ఆ సాధువు చివరివరకు ఆ విషయమున వ్యథ చెందుచునే యుండెను.

ఇక పాదముల మాట. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ ఉన్నత న్యాయస్థానము ఆ రాష్ట్రపు ఎత్తైన పచ్చికబయళ్లయందు, అనగా అచటివారు బుగ్యాళ్లనెడి తావులయందు, రాత్రి బసను నిషేధించి, యాత్రికుల సంఖ్యను 200కు పరిమితము చేసెను. గుడారముల క్రింద, కంచరగాడిదల గిట్టల క్రింద నలిగిన గడ్డి పోగా, క్రిందిమట్టి వానకు కొట్టుకొనిపోవుటయే దానికి హేతువు. ఆ తీర్పువలన దారి చూపువారికి, బరువులు మోయువారికి జీవనము తగ్గినదను మొరయును వినబడినది. అది నిజమైన మొర. కొండవాని కూడు తీసి కొండను రక్షించుట ధర్మముగా తోపదు. రక్షణ కార్యములోనే వానికి కూలి, గౌరవము కల్పించు మార్గము కావలెను. యాత్రికుడు గుడారమును, తిండిని పట్టణమునుండి మోసికొనిరాక, గ్రామస్థుని యింట బసచేసి అతనికి తగిన వెల చెల్లించినచో కొంత మేలగును.

అట్లని బసలన్నియు నిర్దోషములని గాదు. 2025 ఆగస్టు 5న గంగోత్రి మార్గమునందలి ధరాలీ గ్రామముపై ఖీర్‌గాడ్ వాగు బురదతో, బండలతో విరుచుకుపడి ఎన్నో ఇండ్లను, వసతిగృహములను కప్పివేసినది. ఆ వాగు పూర్వము తెచ్చి పరచిన మేటపైననే ఆ కట్టడములు లేచియుండెను. గోముఖమునుండి ఉత్తరకాశి వరకు 4,179 చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రదేశమును సున్నితమండలముగా కేంద్రప్రభుత్వము 2012 డిసెంబరులోనే ప్రకటించియున్నది. పైన పాదచారిని లెక్కించి, క్రింద వాహనములను, అంతస్తులను లెక్కింపక విడుచుట వలన నియమముపై జనులకు గౌరవము తగ్గును. ద్వారముకడ ఆపబడిన భక్తుని కోపములో న్యాయమున్నచో, అది ఈ భాగముననే కలదు.

ఆ భక్తుడేమి చేయవలెను? చీటీ దొరకినచో తేలికమూటతో పోయి, కట్టెపుల్ల విరువక, తెచ్చిన ప్రతి వస్తువును మరల మూటగట్టుకొని రావలెను. దొరకనిచో గంగోత్రి ఘట్టముననే స్నానమాడవలెను. గోముఖమున వెలువడిన జలమే అచటను ప్రవహించుచున్నది. బయలుదేరుటకు ముందే అనుమతికి ప్రయత్నించుట, తీరిక గలవారు రద్దీ తగ్గిన నెలలను ఎన్నుకొనుట వివేకము.

దేవియు అచట సంవత్సరమంతయు నిలువదు. అక్షయతృతీయనాడు తెరచిన గంగోత్రి ఆలయము దీపావళి మరునాడు మూయబడును. అర్చకులు ఉత్సవమూర్తిని పల్లకిలో నుంచి, వాద్యములతో, దిగువనున్న ముఖబా గ్రామమునకు గొనిపోవుదురు. చలికాలపు పూజలన్నియు అచటనే జరుగును. శీతకాలమున తల్లిని చూడగోరువారు ముఖబాకే పోవుదురు. గోముఖపు బాట మంచుక్రింద ఉండును.