పదిమందితో ప్రభువు సన్నిధిలో

ఆదివారం ఇంట్లోనే కూర్చుని సెల్‌ఫోన్‌లో ప్రసంగం వింటే సరిపోదా, దేవుడు అన్నిచోట్లా ఉన్నాడు కదా అని ఈమధ్య చాలామంది విశ్వాసులు అడుగుతున్నారు. దేవుడు అన్నిచోట్లా ఉన్న మాట నిజం. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని ప్రభువే చెప్పాడు. అయినా విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లడం ఆయనకు వాడుక అని లూకా రాశాడు. ఎవరి తోడూ అక్కరలేని ఆయనే పదిమందితో కలిసి కూర్చుని లేఖనాలు విన్నాడు.

పునరుత్థానమైన నాటి సాయంత్రం శిష్యులు భయంతో తలుపులు మూసుకుని కూడుకుని ఉండగా ప్రభువు వాళ్ల మధ్యకు వచ్చాడు. తోమా ఆ పూట అక్కడ లేడు. ప్రభువును చూశామని మిగతావాళ్లు చెబితే, ఆయన గాయాల్లో వేలు పెడితే తప్ప నమ్మనన్నాడు. ఎనిమిది రోజులు గడిచాక వాళ్లు మళ్లీ కూడినప్పుడు తోమా కూడా ఉన్నాడు. ప్రభువు తోమాకు కనబడింది అప్పుడు, ఆ కూడికలోనే. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు ఆ మిగతా శిష్యుల మీద గౌరవం కలుగుతుంది. నమ్మనని తెగేసి చెప్పినవాణ్ణి వాళ్లు వెళ్లగొట్టలేదు, తమలో ఒకడిగానే ఉంచుకున్నారు. సంఘం చేయవలసిన పనుల్లో ఇంతకన్నా పెద్దది లేదనిపిస్తుంది. మన విశ్వాసం సన్నగిల్లిన వారం పక్కవాళ్ల విశ్వాసమే మనల్ని నిలబెడుతుంది.

పాట సంగతి చూడండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి గుడిలో గొంతు పెగలదు. చుట్టూ ఉన్నవాళ్లు పాడతారు. ఆమె పెదవి కదపకపోయినా ఆ స్తుతి ఆమెది కూడా. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు నేటికీ మన సంఘాల్లో వినిపిస్తున్నాయి. పల్లవి ఎత్తుకోగానే అక్షరం రాని అవ్వ కూడా చరణాలన్నీ పుస్తకం లేకుండా అందుకుంటుంది. ఇంట్లో ఒక్కరమే పాడుకుంటే మనసుకు నెమ్మది కలుగుతుంది గానీ, వందమంది గొంతులు కలిసినప్పటి ఆనందం వేరు.

ఈ ఆనందం కోసం ప్రాణాలిచ్చినవాళ్లున్నారు. 303లో రోమా చక్రవర్తి డయొక్లీషియన్ క్రైస్తవుల కూడికలను నిషేధించాడు. ఆ మరుసటి ఏడు ఉత్తర ఆఫ్రికాలోని అబితినే పట్టణంలో ఒక ఇంట్లో ఆరాధిస్తున్న 49 మందిని పట్టుకుని కార్తేజికి తీసుకుపోయారు. నీ ఇంట్లోకి వీళ్లను ఎందుకు రానిచ్చావని అధికారి ఎమెరితస్ అనే విశ్వాసిని అడిగాడు. వీళ్లు నా సహోదరులు, ప్రభు దినపు ఆరాధన లేకుండా మేము బతకలేము అన్నది అతని జవాబు సారం. చిత్రహింసలు పెట్టినా ఆ మాట మార్చుకోలేదు.

మన నేల మీదా ఇలాంటి కూడిక ఒకటి జరిగింది. తెలుగువారి మధ్య ఫలితం కనబడడం లేదు, నెల్లూరు మిషనును మూసేద్దామా అని అమెరికా బాప్టిస్టులు తర్జనభర్జన పడుతున్న కాలమది. 1854 జనవరి 1న తెల్లవారకముందే లైమన్ జ్యూయెట్ దంపతులు, మరో ముగ్గురు స్థానిక విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ఊరి కోసం ప్రార్థించారు. మొత్తం అయిదుగురే. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమంది సభ్యులతో మొదలైంది. తర్వాత వచ్చిన ఘోర కరువులో అక్కడి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పనులు చేయించి ఎంతోమందికి కూలి దొరికేలా చేశాడు. కూటికోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూడికకు నలుగురే వచ్చారని దిగులుపడే కాపరులు ఆ కొండను తలచుకోవాలి.

కూడితే చాలదు, ఎలా కూడుతున్నామన్నదీ ముఖ్యమే. కొరింథులో కలిగినవాళ్లు ముందే తిని మత్తులో ఉంటే, లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు. ఒకరికోసం ఒకరు కనిపెట్టుకోమని పౌలు గట్టిగా రాశాడు. కులాన్ని బట్టి వేరువేరు గుళ్లు కట్టుకున్న మన ఊళ్లకు కూడా ఆ గద్దింపు తగులుతుంది. ప్రభువు బల్ల ఒక్కటే అయినప్పుడు కూర్చునే చాపలు వేరెందుకు?

రెండో శతాబ్దంలో జస్టిన్ అనే విశ్వాసి రోములోని ఆదివారపు ఆరాధనను వర్ణించాడు. పట్టణం వాళ్లు, పల్లెల వాళ్లు ఒకచోట చేరేవారు. లేఖనాలు చదివి, ప్రసంగం విని, లేచి ప్రార్థించి, రొట్టె, పాత్ర పంచుకునేవారు. ఇచ్చిన కానుకలు అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు చేరేవి. రాలేకపోయినవాళ్ల వంతు రొట్టెను పరిచారకులు ఇళ్లకు తీసుకెళ్లేవారు. మంచం పట్టినవాళ్లకు ఫోన్‌లో వచ్చే ఆరాధన మేలే. దానితో పాటు బల్ల ఆదివారం మధ్యాహ్నం పాస్టరుగారి వెంట నలుగురు యువకులు కూడా ఆ ఇళ్లకు వెళ్లి, వాళ్లకిష్టమైన కీర్తన పాడి రావచ్చు.