తాతయ్య డ్యూటీకి వెళ్లిన రోజు

సైబర్‌జయలో మా ఆఫీసు దగ్గర ఓ మమక్ దుకాణం ఉంది. రాత్రి షిఫ్టయ్యాక అక్కడ టీ తాగుతుంటే, డెంగ్కిల్ వైపు ఫ్యాక్టరీలో పనిచేసే నేపాలీ కుర్రాడు పరిచయమయ్యాడు. మొన్నోసారి, వచ్చీరాని హిందీలో, "మీరంతా కలిసి ఒక్కరోజు మిషన్లు ఆపేస్తే?" అన్నాను. అతను నవ్వి, "మీరైతే ఆపుతారా భయ్యా?" అన్నాడు.

జవాబు చెప్పలేకపోయాను.

కాలేజీ రోజుల్లో మార్క్సుని చదువుకున్నవాణ్ణే. రైతుని పొలం విడిగా ఉంచుతుంది, కార్మికుణ్ణి ఫ్యాక్టరీ పదిమందితో కలుపుతుంది. చక్రం తిప్పేవాడే దాన్ని ఆపగలడు. 1917లో పెట్రోగ్రాడ్‌లో పుతిలోవ్ ఫ్యాక్టరీ కార్మికులు అది చేసి చూపించారు కూడా. 1948లో మనవాళ్లూ ఇదే తగువు పడ్డారు. తెలంగాణ పోరాటాన్ని చూసిన ఆంధ్ర కమ్యూనిస్టులు చైనా దారిలో రైతే ముఖ్యమన్నారు. రణదివే నాయకత్వం కార్మికుడే ముందుండాలంది. 1949 మార్చి 9న దేశమంతా రైల్వే సమ్మె అంది. ఆ సమ్మె విఫలమైంది. బెజవాడ లోకోషెడ్డులో ఫైర్‌మన్ అయిన మా తాతయ్య ఆ రోజు డ్యూటీకి వెళ్లాడు. ఇంట్లో ఐదుగురు పిల్లలు మరి! ఆ తర్వాత వీధిలో ఎర్రజెండా ఊరేగింపు వస్తే చాలు, లోపలికి వెళ్లిపోయేవాడట.

ఆ ఏడాదే ఇక్కడ, మలయా కార్మిక సంఘాల సమాఖ్యకి అధ్యక్షుడిగా పనిచేసిన ఎస్.ఎ. గణపతిని బ్రిటిష్ ప్రభుత్వం మే 4న కౌలాలంపూరు పుడు జైల్లో ఉరితీసింది. గణపతి వీరుడు, తాతయ్య పిరికివాడు అని చాలాకాలం అనుకున్నాను.

ఇప్పుడలా అనుకోలేను. గణపతి పణంగా పెట్టింది తన మెడనే. నాయకులూ జైళ్లకి వెళ్లారు, ప్రాణాలిచ్చారు, కాదనను. కానీ ఆ రోజు పని మానితే ఎవరి పొయ్యి ఆరిపోతుందో తాతయ్యకి తెలిసినంతగా పిలుపిచ్చినవాళ్లకి తెలుసా? కార్మికుడి చేతిలో బలముందన్నది నిజమే. ఆ బలాన్ని ఎప్పుడు వాడాలో నిర్ణయించే హక్కు మాత్రం, దాని ఖరీదు కట్టేవాడిదే. అలాగని చేతులు కట్టుకు కూర్చోమనీ కాదు. అడిగేముందు మనమేం వదులుకుంటామో చెప్పాలి.

నిన్న రాత్రి ఆ కుర్రాడికి జవాబిచ్చాను: "నేనూ ఆపను. నా వీసా కూడా కంపెనీతోనే ముడిపడి ఉంది."

అతను కుర్చీ దగ్గరికి జరుపుకుని, తన ఓవర్‌టైం లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు.