కాయకమును, కాయమును



కాయకమును కైలాసముగా భావింపవలెనను ఉపదేశము మన యిండ్లలో పసిపిల్లలకును తెలియును. ఆ కాయకము జరుగునది కాయముతోనే గదా! దేహమునే దేవాలయముగా దర్శించిన బసవేశ్వరుని మార్గమున నడచు మనము, పనిచోట ఆ దేవాలయము శిథిలమగుచుండ ఊరకుండవచ్చునా?

కొన్నియేండ్ల క్రిందట నేను రాత్రిబడిలో పెద్దలకు అక్షరములు నేర్పుచుంటిని. వచ్చువారిలో పెక్కురు గ్రానైటు రాతిపనివారు. ఒకనాడు రాతిధూళిని గూర్చి గంటసేపు ఉపన్యసించితిని. అందలి సిలికా కంటికి కానరానంత సన్నని రేణువులై ఊపిరితిత్తులలో చేరుననియు, అచట మచ్చలు కట్టి సిలికోసిస్ అను వ్యాధి కలిగించుననియు, ఆ వ్యాధి నయము కాదనియు చెప్పితిని. వారు వినయముతో వినిరి. మరునాడు ఎప్పటివలెనే పొడిరాతిని తొలిచిరి. (ఆ ఉపన్యాసము నా పాండిత్యమునకే గాని వారికి పనికిరాలేదని యిప్పుడు తోచుచున్నది.)

వారిలో పెద్దవాడొకడు, "అయ్యవారూ, ఇరవై ఏండ్ల నుంచి ఈ పనే చేస్తున్నాను. నాకేమయింది?" అనెను. మనస్సు యొక్క మర్మమంతయు ఆ ప్రశ్నలోనే యున్నది. కీడు కలుగక గడచిన ప్రతిదినమును, కీడే లేదనుటకు సాక్ష్యముగా మనస్సు లెక్క వ్రాసికొనును. ఈ వ్యాధియో, సామాన్యముగా పదియేండ్లు దాటినగాని బయటపడదు. ధూళి మిక్కుటమైనచోట మాత్రము త్వరపడును. కనుక ఇచ్చట అనుభవమే తప్పుదారి చూపుచున్నది. పైగా తోటివారి యెదుట జంకుట నామోషీ. ముక్కునకు తువ్వాలు చుట్టినవారును కలరు గాని, అంత సన్నని ధూళిని అది ఆపజాలదు.

12వ శతాబ్దమున కల్యాణమందలి అనుభవ మంటపమున పడవ నడుపు అంబిగర చౌడయ్యయు, త్రాళ్లు పేను నులియ చందయ్యయు తమ పనుల మాటలతోనే తత్త్వమును పలికిరి. జ్ఞానులు వినిరి. అది స్ఫురించి నేను చెప్పుట మాని అడుగుట మొదలిడితిని. "మీతో పనిచేసినవారిలో నేడు లేనివారెవరు? వారికేమైనది?" చాలసేపు ఎవరును పలుకలేదు. పిదప ఒక్కొక్కటిగా పేర్లు వచ్చినవి. ఆ పేర్లను నల్లబల్లపై వారే వ్రాసిరి. గుణింతము నేర్చినపిదప వారు స్వయముగా వ్రాసిన తొలి పాఠమది.

యజమానులైన భక్తులకు ఒక విన్నపము. కూలివాని అజాగ్రత్తయని తప్పించుకొనరాదు. తొలుచుచోట నీరు పారించినచో ధూళి చాలవరకు అణగును. ఆ నీటిగొట్టము వేయవలసినది కూలివాడు కాడు. సిలికోసిస్‌ను ప్రభుత్వమునకు తప్పక తెలుపవలసిన వ్యాధులలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము చేర్చినది. అడుగుల లెక్కన కూలియిచ్చుచు "నిదానముగా చేయుము" అనుట వట్టి మాటయే. మఠములకు రాతిబండలు సమర్పించు దాతలును, ఆ రాయి ఎట్లు కోయబడినదో ఒక్కసారి విచారింతురుగాక!

మరుసటి వారము ఆ పెద్దవాడు మేస్త్రీని నీటిగొట్టము అడిగెను. మేస్త్రీ నవ్వెనట. రెండవమారు అడుగుటకు పదునొకండుగురు కలిసి వెళ్లిరి.