లెక్క అడగడం బద్‌గుమానీ అవుతుందా?

రమజాను వస్తే నాంపల్లి, అబిడ్స్ మస్జిదుల దగ్గర ఉత్తరాది మదర్సాల సఫీర్లు కనిపిస్తారు. చేతిలో రసీదు పుస్తకం, సంచిలో తస్దీఖ్‌నామా. రసీదుకు నంబరు ఉంటుంది, మదర్సా ముద్ర ఉంటుంది, రెండో ప్రతి పుస్తకంలోనే మిగులుతుంది. జకాత్‌కు ఒక గడి, సదఖాకు ఒక గడి. నకిలీ రసీదులు ఉండేవి కావని మేము అనడం లేదు. అయినా వెళ్లి విచారించడానికి ఆ కాగితం మీద ఒక చిరునామా అంటూ ఉండేది.

ఇప్పుడు ఆ విజ్ఞప్తి ఫోనులోకి వచ్చింది. ఆసుపత్రి మంచం మీద పసివాడి ఫోటో, కింద క్యూఆర్ కోడ్, రేపు ఉదయంలోగా నాలుగు లక్షలు కట్టాలన్న మాట, పదిమందికీ పంపమన్న ప్రార్థన. జగదీష్ మార్కెట్‌లో ఫోన్లు అమ్మే సోదరుడు తన దుకాణంలో ఒక చార్జరు తక్కువైతే షట్టరు దించే ముందే పట్టుకుంటాడు. ఆయనే ఈ ఫోటో చూసి రెండు వేలు పంపుతాడు కాని, స్కాన్ చేసినప్పుడు తెర మీద వచ్చిన పేరు సంస్థదా, ఎవరో వ్యక్తిదా అన్నది కూడా చూడడు. అడిగితే దీన్ పని చేసేవారిని అనుమానించినట్లవుతుందని, బద్‌గుమానీ గునాహ్ కదా అని ఆయన సంకోచం.

బద్‌గుమానీ గునాహ్ అన్న మాట నిజమే. సూరా హుజురాత్ దానిని స్పష్టంగా వారించింది. కాని లెక్క అడగడం బద్‌గుమానీ ఎలా అవుతుంది? అనాథల సొమ్ము వారికి అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోమని సూరా నిసా ఆరవ ఆయత్ ఆదేశిస్తోంది. లెక్క తీసుకోవడానికి అల్లాహ్ చాలునన్న మాట కూడా ఆ ఆయత్ చివరిలోనే ఉంది. కాబట్టి ‘అల్లాహ్ చూస్తున్నాడు, మాకది చాలు’ అని రసీదు ఇవ్వకుండా తప్పుకునేవారు ఆయత్‌లో సగాన్నే పాటిస్తున్నారు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఏతికాఫ్‌లో ఉన్న రోజుల్లో ఒక రాత్రి హజ్రత్ సఫియ్యా (రజి) ఆయనను కలవడానికి వచ్చారు. ఆమెను సాగనంపుతుండగా ఇద్దరు అన్సారీలు అటుగా వెళ్లారు. ప్రవక్త (స) వారిని ఆపి, ఈమె నా భార్య సఫియ్యా అని తెలిపారు. వారు నొచ్చుకున్నారు, మిమ్మల్ని మేము అనుమానిస్తామా అన్నారు. షైతాన్ మనసులో ఏదైనా వేస్తాడేమోనని అలా చెప్పానని ఆయన వివరించారు. ఎవరూ అడగలేదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు. అయినా వివరణ ఇచ్చారు. మరి కమిటీ సభ్యులు, ట్రస్టు కార్యదర్శులు ఎవరైనా అడిగితే ముఖం ముడుచుకోవడానికి కారణం ఏమిటి?

గోప్యంగా ఇవ్వడం ఉత్తమం కదా అని కొందరంటారు. ఆ మాట ఇచ్చేవాడికి వర్తిస్తుంది. తన కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకుండా దాత దాచుకోవచ్చు. వసూలు చేసేవాడికి ఆ హక్కు ఎక్కడిది? బనూ సులైమ్ తెగ నుంచి జకాత్ వసూలు చేసి తిరిగి వచ్చిన ఇబ్నుల్ లుత్బియ్యా వద్ద ప్రవక్త (స) స్వయంగా లెక్క తీసుకున్నారని బుఖారీ ఉల్లేఖనం. ఇది మీది, ఇది నాకు వచ్చిన కానుక అని ఆయన వేరు చేసి చూపగా, తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రవక్త (స) మింబరుపై నుంచి అడిగారు. శాతం లెక్కన కమీషన్ తీసుకుని చందా వసూలు చేయడం జాయిజ్ కాదని చాలామంది ముఫ్తీలు అంటున్నారు. జీతం ఇవ్వవచ్చు, అది ఎంతో, ఏ పద్దు నుంచో దాతకు తెలియాలి.

దాచవలసింది మరొకటి ఉంది, అది పేదవాడి ముఖం. మనం చేస్తున్నది దీనికి తలకిందులు. పిల్లవాడి ముఖం, వాడి తల్లి కన్నీరు వేలమందికి చూపిస్తున్నాము, ఖాతా పుస్తకం మాత్రం బీరువాలో పెడుతున్నాము.

అబద్ధం లేకుండానే మోసం చేయడం కూడా సాధ్యమే. ధాన్యం రాశిలో చేయి పెట్టి తడి కనిపెట్టిన ప్రవక్త (స), ఆ తడిసిన ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని వ్యాపారిని నిలదీశారు. ఆరోగ్యశ్రీ కింద సగం ఖర్చు తీరినా పూర్తి బిల్లునే చూపించి అడగడం, నిరుటి ఫోటోను ఈ రాత్రి ఫోటోలా పంపడం, లక్ష్యం నిండిన తర్వాత కూడా కోడ్ తీసేయకపోవడం, ఇవన్నీ రాశి కింది తడే. మంచి పని కోసమే కదా అనడం తడిని ఆరబెట్టదు.

ఇక జకాత్ సంగతి. హనఫీ ఫిఖ్హ్‌లో తమ్లీక్ షరతు, అంటే అర్హుడి చేతికి అది అతని సొత్తుగా చేరాలి. కట్టడాలకు, ఆఫీసు అద్దెకు జకాత్ చెల్లదు. ఒకే కోడ్‌లో జకాత్, సదఖా, ఇమ్దాద్ కలిసి పడితే వసూలుదారు వేటిని వేటిలో ఖర్చు చేశాడో అతనికే తెలియదు. దాత మాత్రం తన ఫర్జ్ తీరిందని నిశ్చింతగా నిద్రపోతాడు. జకాత్ పుచ్చుకునే వ్యక్తికి నిసాబ్ మేరకు బంగారం ఉంటే జకాత్ అసలే చెల్లదు. ఈ విషయం ఎన్ని విజ్ఞప్తుల్లో రాస్తున్నారో చూడండి.

ప్రభుత్వ చట్టం కోరేది దీనికంటే తక్కువే, కాని అది కూడా చాలామందికి తెలియదు. వఖ్ఫ్ ముతవల్లీ ఏటా లెక్కలు సమర్పించాలని 1995 వఖ్ఫ్ చట్టం నిర్దేశించింది. నాంపల్లి హజ్ హౌస్‌లోని వఖ్ఫ్ బోర్డు ఉన్నది అందుకు కూడా. 80జి అనుమతి ఉన్న సంస్థలు 2021-22 నుంచి దాతకు 10బిఇ ధ్రువపత్రం ఇవ్వాలి. జిద్దాలో పనిచేసే భారత పౌరుడు తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. షికాగోలో అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు ఒక సంస్థకు పంపితే అది విదేశీ విరాళమే. 2020 సవరణ తర్వాత అలాంటి సొమ్ము మొదట న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే పడాలి. కార్యదర్శి సొంత ఫోను నంబరు ఈ రెంటికీ సమాధానం కాదు.

మిగిలిన సొమ్ము విషయమే అన్నిటికంటే చిక్కు. 2021లో హైదరాబాద్‌లో ఒక బిడ్డకు 16 కోట్ల రూపాయల ధర ఉన్న మందు కోసం వేలాది మంది, మతం చూడకుండా, తలా కొంత ఇచ్చారు. అలా జనం కదిలినప్పుడు అవసరానికి మించి రావచ్చు, లేదా చికిత్సకు ముందే రోగి కన్నుమూయవచ్చు. అప్పుడు ఆ డబ్బు ఎవరిది? రోగి చేతికి చేరిపోయి ఉంటే అది అతని సొత్తు, అతని వారసులది. అతని అనుమతితో అతని తరఫున ఆసుపత్రికి కట్టినది కూడా చేరినట్లే. ఇంకా వసూలుదారు దగ్గరే ఉంటే అతడు దాతల వకీలు మాత్రమే; వారి అనుమతి లేకుండా మరో రోగికి కూడా మళ్లించలేడు. జకాత్ అయితే దాత ఫర్జ్ ఇంకా అతని మెడ మీదే ఉంది. వేలమందిని ఎలా అడుగుతామంటారా? మిగిలితే ఫలానా తరహా రోగులకు ఇస్తామని మొదటి విజ్ఞప్తిలోనే ఒక వాక్యం రాసి ఉంటే, దాత పంపడమే అనుమతి అయ్యేది. ఆ వాక్యం రాయనివారు తిరిగి పంపవలసిందే. దాతలెవరో తెలియని సొమ్మును వారి తరఫున అదే తరహా పేదలకు ఇచ్చే వెసులుబాటు ఉలమాలు చెప్పారు. అయితే యూపీఐ ఖాతాలో పంపినవారి పేరు, తేదీ, నిమిషంతో సహా నమోదై ఉంటాయి.